పైడమ్మ కన్నం

ఎప్పటి మాటంటే ఏం చెప్పను, మన తాతల తాతలు గోచీలు కట్టుకు తిరిగిన కాలం. ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒకే పెరటికి రెండిళ్లు, ఇద్దరు తోడికోడళ్లు. పెద్దది పైడమ్మ. చిన్నది సన్నాసమ్మ.

పెద్దకోడలు గనక పైడమ్మకి వంటిల్లున్న ఇల్లొచ్చింది. చిన్నదానికి ఒంటిగది, పెరట్లో పొయ్యి. ఆ ఊళ్లో వంటింటికి కిటికీ పెట్టేవారు కాదర్రా! ఉడికే అన్నం పరాయి కంట పడితే దిష్టని వాళ్ల భయం.

పైడమ్మ కొడుకు అప్పలసూరికి ఆయాసం. గుండెల్లో పిల్లికూతలు. నాలుగడుగులేస్తే ఎగరొప్పు. వాడు దక్కుతాడో లేదోనని పైడమ్మకి కన్ను మూతపడేది కాదు. చిన్నదాని కొడుకేమో చెట్టెక్కి దూకేవాడు. వాణ్ణి చూసినప్పుడల్లా పైడమ్మకి కడుపు మండిపోయేది.

"ఓలమ్మో! దాని గుంటడికి లేని రోగం నా గుంటడికేటి? ఏదో మందు పెడతంది, నాకు చెప్పడం లేదు!"

చిన్నది తాయెత్తు కట్టింది. పైడమ్మా కట్టింది. ఆయాసం తగ్గలేదు. చిన్నది తులసాకు నూరి పోసింది. పైడమ్మా పోసింది. తగ్గలేదు. చిన్నది మేకపాలు పట్టింది. పైడమ్మా పట్టింది. తగ్గలేదంటే తగ్గలేదు.

"దొంగముండ, అసలుది దాచేస్తంది" అని పళ్లు నూరి, వంటింటి గోడకి గునపంతో కన్నం పెట్టింది. చిన్నదాని పొయ్యి కనబడాలిగా మరి! మొదట వేలంత. చాలక పిడికిలంత. తన పొయ్యి పొగే కళ్లకడ్డొస్తోందని ఆఖరికి కుండంత. దిష్టి తగులుతుందే అని అత్త అరిచినా వినలేదు. కూర మాడిపోతున్నా కన్ను తీసేది కాదు.

వానలు వెలిశాయి. ఒకనాడు కన్నంలోంచి చూస్తే పెరట్లో ఇద్దరు గుంటలు పరిగెడుతున్నారు. పొగలో మొహం తెలియలేదు గానీ, ముందున్నవాడు జింకలా ఉన్నాడు. పైడమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఓలే సన్నాసీ! ఎవరే ఆ ముందున్నోడు? ఏ మారాణి కన్నదే వాణ్ణి?"

సన్నాసమ్మ తెల్లబోయింది. "అయ్యో అప్పా, నీ కొడుకే! నీ పొగంతా ఆ కన్నంలోంచి నా పెరట్లోకొచ్చేస్తంది. ఇంట్లో పొగ పోయింది, ఆడి ఆయాసమూ పోయింది."

పైడమ్మ కన్నం దగ్గరే కూలబడి భోరుమంది.

ఆ మాట ఊరంతా పాకింది. చూసుకుంటే ఏముంది, మూసిన వంటింటి పిల్లలందరికీ అదే ఆయాసం. ఇంటింటా గునపాలు లేచాయి.

పైడమ్మ పోయి ఎన్ని తరాలో. ఇప్పటికీ ఆ ఊళ్లో వంటింటి గోడ లేవగానే పెద్దకోడలు కన్నం పెడుతుంది. పెట్టి, అందులోకి వంగి అంటుంది: "పైడమ్మ తల్లీ! ఎంత కుళ్లుకున్నా సరే, మా గుంటల్ని చూస్తుండు."