ఇంటికెళ్లిన తాటాకులు

అనగనగా ఒక రాజు. పేరు ధర్మకేతు. ఆయన ఏలిన రత్నకూటం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు, వెతక్కండి. రాజుకు ముగ్గురు కొడుకులు. రాణి పోయేనాటికి చిన్నవాడు పుష్పకేతు పాలు మరవలేదు. దాది నాగులమ్మే వాణ్ణి చంకనేసుకుని, గోరుముద్దలు పెట్టి పెంచింది.

ఎంత చక్కటి రోజులో అవి. కొలువులో నేరం మోపినవాళ్ల మాట రాజు చివరిదాకా వినేవాడు. విన్నది తన నోటితో తిరిగి చెప్పి, నువ్వన్నది ఇదేనా అని అడిగేవాడు. అవునన్నాకే తీర్పు. తప్పు తేలితే తీర్పు రాసిన తాటాకు భాండాగారంలోకి పోయేది. తప్పు లేదని తేలితే ఆ ఆకు వాళ్లకే ఇచ్చేసేవారు. వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఇంటికి పోయి, గుమ్మానికి పసుపు దారంతో కట్టుకునేవారు. ఆ డప్పులు వింటే చాలు, పుష్పకేతు నాగులమ్మ చంకలోనే చిందులు వేసేవాడు.

రాజుకు ముసలితనం వచ్చింది. చెవులు మందగించాయి. అదను చూసుకుని ఏడు సముద్రాల అవతలి నుంచి కాలజంఘుడనే మాంత్రికుడు ఒక ఇత్తడి బొమ్మను తెచ్చాడు. దీనికి నిద్ర లేదు, ఆకలి లేదు, మనవాడు పరాయివాడు అన్న తేడా లేదన్నాడు. భాండాగారంలోని ఆకులన్నీ చదివిన చిలక తన దీవిలో ఉందనీ, అది అక్కడ పలికేదే ఇది ఇక్కడ పలుకుతుందనీ చెప్పాడు. బొమ్మ మాటే తీర్పనీ, ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదనీ రాజు వాడికి ఒట్టు వేశాడు. ఆయన్ని తిట్టుకోకండి, అలసిపోయాడు పాపం.

ఒకరోజు చనిపోయిన రాణిగారి ముత్యాలహారం నాగులమ్మ పెట్టెలో దొరికింది. బొమ్మ ఆమెను ఒక్క మాటా అడగలేదు.

"ఆకుల్లో దొంగతనం మోపిన దాసీలు ముప్పైమంది. ముప్పైమందీ దొంగలే. ఈమె కూడా దొంగే. మూడో పున్నమికి పులుల అడవికి పంపండి" అంది.

పుష్పకేతు ప్రాణం విలవిల్లాడింది. రాజు ఒట్టుకు కట్టుబడి తల దించుకున్నాడు. పెద్దకొడుకు చిలకను నరుకుతానని కత్తి పట్టుకుపోయి రాయైపోయాడు. రెండోవాడు వల పట్టుకుపోయి రాయైపోయాడు. చిన్నవాడు ఉత్త చేతులతో బయలుదేరాడు.

దారిలో కొంగ కాలి ముల్లు తీశాడు. అది మూడు సముద్రాలు దాటించింది. తిరగబడ్డ తాబేలును నిలబెట్టాడు. అది మరో మూడు దాటించింది. ఒడ్డున కొట్టుకుంటున్న పెద్దచేపను నీళ్లలోకి నెట్టాడు. అది ఆఖరి సముద్రం దాటించి, మళ్లీ రానా బాబూ అని అడిగి మరీ వెళ్లింది.

దీవిలో చంపకవల్లి అనే రాజకుమార్తె చిలకకు జామపళ్లు పెడుతోంది. మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చాడు. ఆమె పుష్పకేతును పక్కకు పిలిచి గుట్టు చెప్పింది. చిలక మీద చెయ్యెత్తినవాళ్లు రాళ్లవుతారు. అది ఏ ప్రశ్నకైనా నాకు తెలియదు అంటే మాత్రం మాంత్రికుడి ప్రాణం పోతుంది. అందుకే వాడు దానికి ఆ మాట నేర్పలేదు, అది నేర్చుకోవాలని తను మాత్రం రోజూ దాని ముందు ఆ మాట అంటూ ఉంటానంది.

పుష్పకేతు సముద్రంలో చుక్కలెన్ని అని అడిగాడు. చిలక చెప్పేసింది. ఒడ్డున ఇసుకరేణువులెన్ని అంటే అదీ చెప్పేసింది. ఇక ఏమడగాలో తోచక కూలబడ్డాడు. ఇల్లు గుర్తొచ్చింది. నాగులమ్మ చంక, ఆ డప్పులు, నెత్తిన ఆకుతో నవ్వుతూ పోయే మనుషులు గుర్తొచ్చారు. కళ్లు తుడుచుకుని మూడోది అడిగాడు.

"చిలకా, తప్పు లేనివాళ్లు ఇంటికి పట్టుకుపోయిన ఆకుల్లో ఏముంది?"

చిలక జామపండు వదిలేసింది.

"ఇంటికి పట్టుకుపోయారా? నాకవి ఎవరూ చూపించలేదే. అయితే దొంగలు కాని దాసీలు ఎంతమందో..." అని ఆగింది. ఆఖరికి "నాకు తెలియదు" అంది.

మాంత్రికుడు ఉన్నచోటే కూలి ప్రాణం విడిచాడు. రాళ్లు మళ్లీ అన్నలయ్యారు. అడిగినదానికి నిజం చెప్పిన పిట్టను చంపడానికి ఎవరికీ చేతులు రాలేదు. దాన్ని భుజాన ఎక్కించుకుని, చంపకవల్లిని వెంటబెట్టుకుని, మూడో పున్నమి ఉదయానికి కొలువు చేరారు.

ఒట్టు వేయించుకున్నవాడే పోయాడు కనుక ఒట్టూ పోయింది. జనం గుమ్మాల మీది ఆకులు విప్పి తెచ్చారు. వాటిలో దాసీలవే ఎనభై ఉన్నాయి. రాజు మాత్రం లెక్కలు చాలన్నాడు. నాగులమ్మను దగ్గరికి పిలిచి, చెవి ఆమె నోటి దాకా వంచాడు.

రాణిగారు పోతూ పోతూ ఆ హారాన్ని తన పెళ్లిచీర కొంగులో ముడివేసి ఇచ్చారనీ, చిన్నవాడి పెళ్లినాడు కోడలి మెడలో వేయమన్నారనీ ఆమె చెప్పింది. భటులు పెట్టె తెచ్చారు. రాజు ఆ కొంగుముక్కను గుర్తుపట్టాడు. విన్నదంతా తిరిగి చెప్పాడు.

"నువ్వన్నది ఇదేనా?"

"అవును దొరా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరూ అడగలేదు దొరా."

రాజు సింహాసనం మీదే ఏడ్చాడు. ఆ పూటే శాసనం చెక్కించాడు. చిలక పాత తీర్పులు గుర్తుచేయవచ్చు, చూడనిది తెలియదనాలి. తీర్పు మాత్రం ఎదుటి మనిషిని అడిగి, విన్న మనిషే చెప్పాలి. ఎందుకని అడిగితే కారణం చెప్పాలి.

చంపకవల్లి మెడలో హారం నాగులమ్మే వేసింది. పుష్పకేతు చాలాకాలం రాజ్యమేలాడు. ఆ కొలువులో తీర్పులు ఆలస్యమయ్యేవి, ఎండలో నిలబడి జనం విసుక్కునేవారు కూడా. అయినా తన మాట ఎవరూ వినలేదని ఏడుస్తూ ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆ కొలువు తలుచుకుంటే నాకిప్పటికీ బెంగగా ఉంటుంది, పిల్లలూ.