ఎద్దుమూపు గుట్ట మీద ఒప్పుకోలు

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు వీరభద్రం సారుకి లేదు. బడిలో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా అరిచి అరిచి, రిటైరయ్యాక మిగిలిన నాలుగు మాటల్నీ పొదుపుగా వాడుకుంటున్నాడని ఆయన శిష్యులు నవ్వుకునేవారు. ప్రతి ఆదివారం పదిమంది దాకా ఎద్దుమూపు గుట్ట కింద పోగై ఆయన దగ్గర రాళ్లెక్కడం నేర్చుకునేవారు. ఆ పదిమందిలో గట్టి గొంతు ఇందుమతిది. కాలేజీలో ఎకనామిక్సు చెబుతుంది. ఒక ఆదివారం పొద్దున్నే ఆమె సారు ముందు నిలబడి, ముఖం ఎర్రగా చేసుకుని అడిగింది: “సార్, తప్పని తెలిసీ తప్పునే వెనకేసుకొచ్చే మనిషి చేతిలో మన ప్రాణం ఎట్లా పెట్టాలె?”

ఆ మనిషెవరో సారుకి చెప్పనక్కర్లేదు. లింగస్వామిది గుట్ట కింది ఊరే, కరెంటు పని చేస్తాడు. ఇందుమతి ఎక్కుతున్నప్పుడు కింద నిలబడి ఆమె తాడు పట్టేది నాలుగేళ్లుగా అతనే. పైన కొక్కెంలోంచి దిగిన తాడు ఒక కొస ఆమె నడుముకి, రెండోది అతని చేతికి. ఆమె జారితే ఆపాల్సింది అతనే. ఇన్నేళ్లలో ఆమె ఎన్నోసార్లు జారింది, అతను ఒక్కసారీ వదల్లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాకపోతే ఆ పొద్దు గుర్తు పెట్టుకోదలచుకోలేదు.

ఆ గుంపుకి గుట్టెక్కడం ఎంత ఇష్టమో వాదులాడుకోవడమూ అంతే ఇష్టం. రాతికి మేకులు కొట్టొచ్చా కూడదా, గుట్ట మీద పొయ్యి రాజేయడం పాపమా సరదానా, డీజిలు ధర ఎందుకు పెరిగింది, ఈసారి ఎలక్షన్లో ఎవరు మట్టి కరుస్తారు, ఇవన్నీ ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా నడిచేవి. సారు ఎవరి నోరూ మూయించేవాడు కాదు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఎక్కేవాళ్లు ముడి వేసుకున్నాక, తాడు పట్టేవాళ్లు ఆ ముడిని చేత్తో తడిమి చూడాలి. తడిమేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇదేదో పూజలా కనిపించేది.

నెల రోజుల నుంచి మాత్రం వాదాలన్నీ ఒక్క చోటే తిరుగుతున్నాయి. పక్కనున్న చిన్నగుట్టని గ్రానైటు క్వారీకి ఇవ్వబోతున్నారని వార్త వచ్చింది. క్వారీ వద్దని ఇందుమతి కాగితాలు పట్టుకుని ఊరూరా సంతకాలు పెట్టించింది. అందరికంటే ముందు పెడతాడనుకున్న లింగస్వామి పెట్టలేదు. అతని తమ్ముడు పని కోసం మహారాష్ట్రలోని భీవండి పోయి ఆరేళ్లయింది. క్వారీ వస్తే ఇంటికాడే పని దొరుకుతుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. ఇందుమతికి అది నమ్మకద్రోహంలా తోచింది. తాడుకి వేరే మనిషిని ఇవ్వమనాలి, ఇవ్వకపోతే ఇక ఈ గుట్టకే రాకూడదు అని తేల్చుకునే ఆమె ఆ పొద్దు బస్సెక్కింది.

“ఎక్కిరా పో,” అన్నాడు సారు. “దిగినంక చెప్త.”

ఆయన చెట్టునీడన కూర్చుని పల్లీలు ఒలుచుకోసాగాడు. ఇందుమతి విసురుగా వెళ్లి తాడు కొస అందుకుంది. అక్కడివాళ్లు వేసే ముడి రెండు దశల్లో పడుతుంది. ముందు తాడులో ఎనిమిది అంకెలా ఒక మెలిక వేస్తారు. తర్వాత కొసని నడుముపట్టీలో దూర్చి, ఆ మెలిక వెంటే మళ్లీ వెనక్కి నడిపిస్తారు. ఆ రెండో నడక పూర్తయితేనే అది ముడి. ఇందుమతి మెలిక వేసింది, కొసని పట్టీలో దూర్చింది. సరిగ్గా అప్పుడే లింగస్వామి మెల్లగా అన్నాడు: “సంతకాలు పెట్టినోళ్లల్ల గుట్ట కింద బతికేటోడు ఒక్కడన్న ఉన్నడా అక్కా?”

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. చేతిలో ఉన్నది వదిలేసి జవాబు అందుకుంది. దుమ్ముతో పాడయ్యే ఊపిరితిత్తుల దగ్గర మొదలుపెట్టి ఎండిపోయే బావుల దాకా ఏకధాటిగా మాట్లాడింది. మాట అయ్యేసరికి ముడి కూడా అయిందనే అనుకుంది. లింగస్వామి అలవాటుగా చెయ్యి చాచాడు. “నా ముడి నాకు తెలుసు,” అని ఆమె రాతివైపు తిరిగిపోయింది. అతనికీ రోషం వచ్చింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇందుమతికి ఇంకో అలవాటుంది. ఎక్కుతూ కూడా వాదిస్తుంది. జవాబు గట్టిగా చెప్పాలనిపిస్తే రాయి వదిలేసి, బరువంతా తాడు మీద వేసి వెనక్కి వాలి, కిందికి తిరిగి మరీ చెబుతుంది. తాడుందన్న ధైర్యం అలాంటిది. ఆ రోజు ముప్ఫై అడుగులు ఎక్కేదాకా ఆమె నోరు ఆగలేదు. లింగస్వామి మాత్రం ఉన్నట్టుండి మౌనంగా అయిపోయాడు. అతని దగ్గర సమాధానం అయిపోయిందని ఆమె లోలోపల సంబరపడింది. అతను చూస్తున్నది ఆమె నడుముని. ముడిలో ఇమిడి ఉండాల్సిన కొస జానెడు పొడవున తుంటి పక్క వేలాడుతోంది. తాడు కాస్త గట్టిగా లాగితే చాలు, పట్టీలోంచి ఊడి వచ్చేస్తుంది. ఆమె వాలినా అంతే.

“మాట్లాడవేం లింగస్వామీ?” పైనుంచి కేకేసింది. “రాయంతా అమ్ముకున్నంక మీ తమ్ముడు ఏం జేస్తడు? మళ్లా భీవండే కదా?” ఆమె కుడిచేతి వేళ్లు రాతి మీద వదులవుతున్నాయి.

“నువ్వు చెప్పిందే కరెక్టు అక్కా,” అన్నాడు లింగస్వామి. “నాదే తప్పు. సంతకం పెడ్త.”

ఆమె చెయ్యి రాతి మీదే ఆగిపోయింది. నాలుగేళ్లలో అతను ఒక్క మాటకీ తల ఊపినవాడు కాదు. వాలి చెప్పాల్సిన జవాబేదీ లేకుండా పోయింది. “తాడు వదులైంది, లాగు మరి,” అంది, గెలిచినవాళ్ల దయతో.

“లాగుత. ముందు ఎడమదిక్కు అరుగు మీద రెండు కాళ్లు పెట్టి నిలబడు. తీరుబడిగ చెప్పు, వింట.”

ఆమె పక్కకి జరిగి, మూరెడు వెడల్పున్న రాతి అరుగు మీద నిలబడింది. “రెండు చేతుల్తోని రాయి పట్టుకో,” అన్నాడతను. “గట్టిగ. పట్టుకున్నవా? ఇప్పుడు నడుము చూసుకో అక్కా. తాడు మీద మాత్రం వాలకు.”

ఇందుమతి చూసుకుంది. రాతిని రెండు చేతులా ఇంకా గట్టిగా కరుచుకుంది. సారు ఎప్పుడు లేచాడో, తాడు ఎప్పుడు అందుకున్నాడో కానీ, లింగస్వామి అప్పటికే చెప్పులు విడిచి రాయి ఎక్కుతున్నాడు. అతని నడుముకి తాడు లేదు. చిన్నప్పుడు మేకల వెనక ఎక్కిన రాయే అయినా, ముప్ఫై అడుగులు ముప్ఫై అడుగులే. అతను అరుగు చేరి, వేలాడే కొసని మెలిక వెంట నడిపించి, బిగించి, ఆ ముడి మీద కాసేపు చెయ్యి ఉంచాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. సారు ఆమెను దించాడు. లింగస్వామి ఎక్కిన దారినే దిగివచ్చాడు.

కిందికొచ్చాక ఆమె చాలాసేపు ఏడ్చింది. సిగ్గుతో కొంత, భయంతో కొంత. తేరుకున్నాక అతని వైపు చూసి, “సంతకం పెడ్తనన్నవు,” అంది నీరసంగా.

“పెట్టను అక్కా,” అన్నాడు లింగస్వామి. “ఒక్క ముక్క కూడా నేను ఒప్పుకోలే. కాదంటే నువ్వు వాలి కొట్లాడేదానివి.” చెప్పులు తొడుక్కుంటూ, “ముడి చూడకుండ ఎక్కనిచ్చిన. తప్పంటే అదే నాది,” అన్నాడు.

ఇందుమతి సారు దగ్గరికి వెళ్లింది. ఆయన ఎండలో కూర్చుని తాడు చుడుతున్నాడు. పొద్దున అడిగిన ప్రశ్న ఆమె మళ్లీ అడగలేదు. అయినా లెక్చరరు బుద్ధి అంత తొందరగా పోదు కదా. “అయితే సార్, లింగస్వామి నాతో అన్నది అబద్ధమే కదా?” అంది.

“అబద్ధమే,” అన్నాడు సారు. “నిజం చెప్పాలన్నా వినేటందుకు ముందు నువ్వుండాలె కద బిడ్డా.”