ఓదెలు, బొల్లికుక్క, గోమారి పురుగు

అనగా అనగా, కుక్కలు మాట్లాడితే వినే ఓపిక మనుషులకు ఉన్న కాలంలో, ఒక గుట్ట మీద ఓదెలు అనే గొర్లకాపరి ఉండేవాడు. గుట్ట కింద ఊరుంది గానీ, అతనికి ఊరితో పనిలేదు. భార్య లచ్చవ్వ కాలం చేశాక ఆ గుడిసెలో రెండో గొంతు అంటే బొల్లికుక్కదే.

పొద్దు గూకితే మందను దొడ్లోకి తోలి, ఇద్దరూ జొన్నగట్క తిని, పొయ్యి దగ్గర కూర్చునేవారు.

"ఇయ్యాల గాలి ఎటు తిరిగిందే బొల్లీ?" అని ఓదెలు అడిగేవాడు.

"తూర్పుకు. వాన లేదు," అనేది బొల్లి.

అంతే మాటలు. ఆ కాసిన్ని మాటలే అతనికి తోడు.

ఓదెలుకి ఒక గర్వం. పని అంటే చిటికెలో అయిపోవాలి. గొర్రె బొచ్చు కత్తిరించినా, కాలి ముల్లు పెరికినా, అతనంత వేగం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. అది నిజమే, కాదనకూడదు.

వానలు పడి గడ్డి మొలిచింది. గడ్డితో పాటు గోమార్లు, అంటే ఒంటికి అంటుకొని రక్తం తాగే పురుగులు, వచ్చాయి. గొర్రెల మీది గోమార్లు కుక్క మీదికి ఎక్కాయి. మెడ మీద ఒకటి, తొడ లోపల ఒకటి, చెవిలో ఒకటి రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బాయి. కంటి రెప్ప పక్కన ఇంకొకటి చిన్నది అంటుకొని ఉంది.

"గింతేనా," అని ఓదెలు చుట్ట ముట్టించి, ఆ నిప్పు మెడ మీది గోమారికి అంటించాడు.

గోమారి కాలుతూ నవ్వింది. "కాల్చు, కాల్చు. నా కడుపులో విషమంతా నీ కుక్క ఒంట్లో కక్కి పోతా," అంది. అన్నట్టే కక్కి రాలింది. బొల్లి మెడ కమిలింది. "పోనీలే," అంది బొల్లి.

మర్నాడు తొడలోని గోమారి మీద గరిటెడు ఆముదం పోశాడు. "ఊపిరాడక అదే ఊడుతది," అన్నాడు.

"నాకు నీలాగ మాటిమాటికీ ఊపిరి అక్కర్లేదు. తాగినంత తాగి తీరిగ్గా దిగుతా," అంది గోమారి. తాగి, కక్కి, దిగింది. ఆ పూట బొల్లికి జ్వరంతో ఒళ్ళు కాలింది. గట్క ముట్టలేదు.

మూడోసారి ఓదెలుకి కోపం వచ్చింది. చెవిలో గోళ్ళు పెట్టి, మెలితిప్పి, ఒక్క గుంజు గుంజాడు. పొట్ట చేతిలోకి వచ్చి చిట్లింది. తల చెవిలోనే ఉండిపోయింది.

"నాకు తల చాలు," అంది లోపలి నుంచి.

చెవి వాచి చీము పట్టింది. బొల్లి లేచి వెళ్ళి, దొడ్డి అవతల బండ కింద పడుకుంది. పిలిస్తే రాలేదు. గాలి ఎటు తిరిగిందని అడిగితే పలకలేదు. ఓదెలు రెండు గిన్నెల్లో గట్క పోశాడు. ఒకటి అలాగే ఎండిపోయింది. గుడిసెలో తన దగ్గు తనకే పెద్దగా వినిపించింది.

కంటి దగ్గరి గోమారి ఉబ్బుతూనే ఉంది. దాన్నీ గుంజితే కన్ను పోతుంది. వదిలేస్తే కుక్కే పోతుంది. మొదటిసారి ఓదెలు చెయ్యి ఆగింది.

లచ్చవ్వ ఉన్నన్నాళ్ళూ గోమార్లు తీసింది ఆమే. సన్నని మొనల ఇనప చిమటా, చిన్న పట్టుకారు లాంటిది, ఒకటి ఆమె కొంగుముడిలో ఉండేది. ఆ చిమటా ఇప్పుడు ఆమె చెల్లెలు సమ్మవ్వ దగ్గరుంది. చావింట్లో ఎవరినీ అడగకుండా తీసుకుపోయింది. సమ్మవ్వ గడప తొక్కనని ఓదెలు ఆరోజే అందరి ముందూ చెప్పాడు.

అయినా గుట్ట దిగాడు. సమ్మవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఎవలు, గుట్ట మీది దొరనా? తొవ్వ తప్పినట్టున్నవ్ బావా."

"చిమటా కావాలె."

"అడిగే తీరు గదేనా?"

"నువ్వు తీస్కపోయినప్పుడు అడిగినవా?"

సమ్మవ్వ చాట దించింది. "అక్క చెయ్యి తగిలిన వస్తువు నాకు గదొక్కటే దొరికింది," అంది. "మరి ఇప్పుడెందుకు?" అంది.

కాల్చింది, పోసింది, గుంజింది, ఏదీ దాచకుండా చెప్పాడు.

"చిమటా ఇస్తే సాలదు బావా, పట్టుడు రావాలె. ఉబ్బిన పొట్టను పట్టకు. తోలుకు ఆనిచ్చి తల కాడ పట్టు. మెలి తిప్పకు. నిటారుగ, మెల్లగ, అదే ఇడిసేదాక లాగుతనే ఉండు. ఏళ్ళతోని నలపకు, పొయ్యిల ఎయ్యి. కుట్టిన కాడ కడుగు, నీ చేతులు కడుక్కో. చెవిల మిగిలిన తలను తవ్వకు. ఉప్పునీళ్ళు కాచి, చల్లారినంక కడుగుతుండు. అదే బయటికొస్తది."

"ఒక్క పురుగుకు గింతసేపా?"

"అక్క కూసున్నప్పుడు గూడ గిదే అంటుంటివి."

ఓదెలు చెయ్యి చాపాడు. చిమటా తీసుకొని గుట్ట ఎక్కాడు.

బండ దగ్గర కూర్చున్నాడు. పిలవలేదు. చెయ్యి చాపలేదు. దొడ్లో గొర్లు అరిచినా లేవలేదు. బండ నీడ అటు నుంచి ఇటు తిరిగింది. అప్పుడు బొల్లి తల ఎత్తింది.

"నీ చేతిల నిప్పున్నదా?"

"లేదు."

"తొందరున్నదా?"

"ఉన్నది. పట్టుకొని కూసున్న."

బొల్లి వచ్చి అతని మోకాలి మీద తల పెట్టింది.

చిమటా మొనలు రెప్ప పక్కన తోలుకు ఆనాయి. ఈసారి గోమారికి భయమేసింది. "గుంజరాదా ఓదెలూ, అంత బలమున్నవాడివి," అంది. ఓదెలు గుంజలేదు. "ఎవరూ చూడట్లేదు, ఒక్క గుంజు," అని బతిమాలింది. అతను వినలేదు. నిటారుగా, మెల్లగా లాగుతూనే ఉన్నాడు. చివరికి దాని పట్టే సడలి, తలతో సహా ఊడివచ్చింది. పొయ్యిలో వేస్తే చిటపటమంది.

ఓదెలు చిమటా తిరిగి ఇచ్చేసి, సమ్మవ్వ వాకిట్లో నిలబడి మంచినీళ్ళు తాగాడు. క్షమించాడని ఎవరూ అనుకోవద్దు. గడప మాత్రం దాటలేదు.

చెవి మానడానికి చాలా నాళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఉప్పునీళ్ళతో కడిగాడు. మానింది గానీ, ఆ చెవి మళ్ళీ సరిగా వినలేదు. అందుకని ఓదెలు రెండో చెవి వైపు జరిగి కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నాడు.

పిల్లలూ, అంటుకున్నదాన్ని తొందరపడి గుంజినవాడికి సగమే చేతికొస్తుంది, మిగతా సగం లోపల కుళ్ళుతుంది. మొదలు పట్టి ఓపికగా తీసినవాడే మొత్తం వదిలించుకుంటాడు.