తీపో కారమో ఎర్నమ్మ పులుసు

అనగా అనగా, తాటిచెట్లు ఇంకా మనిషెత్తునే ఉండి, నేలమీద నిలబడే గెలకు నీరు పట్టే లొట్టి కట్టుకోగలిగిన రోజుల్లో జరిగిన కథ ఇది. ఎన్నేళ్ళ కిందట అని అడక్కండి. నాకు చెప్పినవాళ్ళకే తెలియదు, వాళ్ళకు చెప్పినవాళ్ళకూ తెలియదు.

సముద్రం ఒడ్డున తాళ్ళదిబ్బ అని ఒక ఊరు. ఊరికి ఒక పక్క ఇసుక, ఒక పక్క ఉప్పునీళ్ళు, మిగిలిందంతా తాటితోపు. ఆ ఊళ్ళో ఎర్నమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమెకు ఉన్నవి మూడే. ఒక పొయ్యి, ఒక కాగు, ఒక గరిటె.

లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కడితే నీరు పులిసి కల్లు కాదు, తియ్యగానే ఉంటుంది. ఎర్నమ్మ తెల్లారేసరికి ఆ తీపినీరు తెచ్చి కాగులో పోసేది. మంట పెట్టేది. కాగేది, కాగేది, కాగేది. నీరు ఎర్రబడేది, నురుగు లేచేది, చివరకు వేళ్ళమధ్య తీగ సాగేది. అదే తాటి పాకం. దానితో ఆమె చేసే అరిసెలు, పొంగడాలు, పరమాన్నం తిన్నవాళ్ళు వేళ్ళు నాకుతూ ఇంటికెళ్ళేవాళ్ళు.

ఊళ్ళో ఏ విందైనా వంట ఎర్నమ్మదే. తాళ్ళదిబ్బలో ఒక కట్టుబాటు ఉంది. గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ కడుపు ఊరిది. కోతలప్పుడు ఇంటింటా ధాన్యం కొలుస్తారు, వల లాగినప్పుడు చేప పెడతారు. గరిటె పోతే అదేమీ ఉండదు.

ఒక వానాకాలం ఎర్నమ్మకు జ్వరం వచ్చింది. చచ్చి బతికింది. లేచి, పొయ్యి వెలిగించి, పాకం నాలుకమీద వేసుకుంది. ఏమీ తెలియలేదు. ఉప్పు వేసుకుంది. ఏమీ తెలియలేదు. పచ్చిమిరపకాయ కొరికింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి కానీ నోటికి ఏమీ తెలియలేదు. ఇసుక నమిలినట్టుంది.

"ఓలమ్మో, నా నాలుక సచ్చిపోనాది" అని పొయ్యి పక్కన కూలబడింది.

ఎవరితోనూ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆమె ఆడపడుచు దాలమ్మ అదే వీధిలో ఉంది. మంచి వంటగత్తె. ఆ గరిటె కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది.

మొదటి విందు ఊరిపెద్ద ఇంట్లో, మనవడి చెవులు కుట్టించినప్పుడు. ఎర్నమ్మ చేపల పులుసు పొయ్యిమీద పెట్టింది. ఏది చాలిందో ఏది చాలలేదో తెలియదు. ఊళ్ళో భోజనాల బంతిలో అందరికంటే చివర కూర్చునేవాడు గురువులు తాత. తాటాకు చాపలు అల్లుకునే ముసలాయన. విందు ఉందంటే పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. ఎర్నమ్మ ఆకులో ఇంత పులుసు పోసి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"తాతా, ఎలాగుంది?"

తాత తికమకపడ్డాడు. ఆయన్ని అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు.

"నన్నేనా?"

"నిన్నే."

"బాగుందమ్మా."

ఈ మాటతో ఎర్నమ్మకు పని జరగదు. "బాగుందని కాదు తాతా. ఏటి తక్కువైంది?"

తాత ఆకు మళ్ళీ నాకాడు. "తీపి" అన్నాడు.

నీళ్ళు మోస్తున్న పిల్లను అడిగింది. "ఉప్పు" అంది. కట్టెలు కొడుతున్నవాణ్ణి అడిగింది. "కారం" అన్నాడు. ఎవరి మాట నిజం? ఎర్నమ్మకు తెలియలేదు. అందుకని ముగ్గురి మాటా విన్నది. పులుసులో పాకం పోసింది, ఉప్పు వేసింది, కారం వేసింది. పరమాన్నం సంగతీ అంతే. ఎవరో "ఘాటు" అన్నారు, మిరియాలు పడ్డాయి.

బంతి కూర్చుంది. అందరూ ఒక ముద్ద తిన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది తీపా?"

"కారమా?"

"తెలీడం నేదు. ఇంకో గరిటెయ్."

కాగు ఖాళీ అయింది. ఇంటికి వెళ్తూ కూడా దారి పొడుగునా దెబ్బలాడుకున్నారు.

రెండో విందు సీమంతం. ఎర్నమ్మ ఈసారి గుమ్మడికాయ ముక్కల్లో పాకం పోసి ఆవపిండి కలిపింది. పొంగడాల పిండిలో అల్లం దంచి వేసింది. అవి వెయ్యమన్నవాళ్ళు వేరు, ఆమె అడిగే మాట మాత్రం అదే. బంతి చివరినుంచి మొదలుపెట్టి, "ఏటి తక్కువైంది? ఏటి తక్కువైంది?" అని అడుగుతూ వచ్చింది. పొరుగూరినుంచి వచ్చిన వియ్యపురాలు పొంగడం నమిలి, ఆగి, మళ్ళీ నమిలింది.

"ఏటప్పా, మీ ఊళ్ళో తీపికి ఒంట్లో బాగోలేదా?" అంది.

"ఇంకోటి పెట్టమంటావా, వద్దంటావా?" అంది ఎర్నమ్మ.

"ఎందుకు వద్దంటాను! ఇది ఏటో తేలాల కదా. పెట్టు."

ఇదంతా దాలమ్మ చూస్తోంది. ఒదిన వంట చేస్తున్నంతసేపూ గరిటె ఒక్కసారి కూడా నోటిదాకా ఎత్తలేదు. ఆకులన్నీ ఎవరెవరి నోళ్ళకో వెళ్తున్నాయి. ఎందుకో దాలమ్మకు అంతు చిక్కలేదు.

మూడోది దిబ్బమ్మ తల్లి జాతర. తల్లికి రెండు కుండలు పెట్టాలి. ఒకటి తీపి పరమాన్నం, ఒకటి కారం పులుసు. తల్లి నోట పడేదాకా ఇంకెవరి నాలుకా వాటికి తగలకూడదు. ఎవరైనా రుచి చూస్తే కుండ ఎంగిలైనట్టే. దానిని సముద్రంలో పారబోయాలి.

ఎర్నమ్మ రెండు కుండలూ పొయ్యిమీద పెట్టింది. ఎవరిని అడుగుతుంది? గురువులు తాత దూరంగా కూర్చుని ఆమెవైపే చూస్తున్నాడు. ఆమె ఆకు పట్టుకుని ఒక అడుగు వేసింది, ఆగిపోయింది. వెనక్కి వచ్చింది. పోయిన విందుల్లో ఎవరేమన్నారో గుర్తు తెచ్చుకుంది. ఒకళ్ళు తీపి అన్నారు. ఒకళ్ళు ఘాటు అన్నారు. ఏ కుండకు అన్నారు? చెవుల్లో గొంతులన్నీ కలిసిపోయాయి. పులుసులో పాకం పోసింది. పరమాన్నంలో మిరియం వేసింది. మూతలు పెట్టి, డప్పులవెనక నడిచింది.

తల్లి పూనే మనిషి సింహాలమ్మ. పసుపు నీళ్ళతో తడిసి ఊగుతోంది. కుండలు ముందు పెట్టారు. ఆమె పులుసులో చెయ్యి పెట్టి నోట్లో వేసుకుంది. ముఖం విచ్చుకుంది. పరమాన్నం వేసుకుంది. ముఖం ముడుచుకుంది. మళ్ళీ పులుసు వేసుకుంది. ఊగడం ఆగిపోయింది.

డప్పులు కూడా ఆగాయి.

ఎర్నమ్మ అలవాటుకొద్దీ అడిగేసింది. "ఏటి తక్కువైంది, తల్లీ?"

"ఒదినా!" అని దాలమ్మ ముందుకు వచ్చింది. "తల్లినే అడుగుతావేటి? వొండినదానివి నీకు తెలీదా? అసలు నీకు రుసి తెలుసునా?"

ఎర్నమ్మ తల దించుకుంది. "తెలీదు దాలమ్మా. జొరం వొచ్చి నాలుక సచ్చిపోనాది. ఆళ్ళనీ ఈళ్ళనీ అడిగి వొండుతున్నాను."

ఊరిపెద్ద కుండల దగ్గరికి వచ్చాడు. "అంటే, ఇన్నాళ్ళూ మనం తిన్నది ఎవరు వొండినట్టు?"

"ఎర్నమ్మే కదా."

"రుసి ఎర్నమ్మది కాదంటంది కదా."

"మరయితే మనమేనా?"

"మనకి వొంట రాదు కదరా!"

అందరూ సింహాలమ్మవైపు తిరిగారు. తల్లి ఏం చెబుతుందో చూద్దామని. సింహాలమ్మ రెండు కుండలనూ మార్చి మార్చి చూసింది.

"తెలీడం నేదు. ఇంకో గరిటెయ్" అంది.

అది క్షమించడమా, కోపమా, ఆకలా? కొందరు ఒకటన్నారు, కొందరు ఇంకొకటన్నారు. తెల్లవార్లూ తర్కించినా తేలదని ఊరిపెద్దే తీర్పు చెప్పాడు. రుచి తెలియని చేతిలో గరిటె ఉండడం పద్ధతి కాదు. దాలమ్మకు ఇచ్చెయ్యాలి.

ఎర్నమ్మ గరిటె కడిగి, తుడిచి, దాలమ్మ చేతిలో పెట్టింది. ఇంటికి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది. ఆ ఏడు కోతలకు ఆమె గుమ్మంలో ధాన్యం పడలేదు. తాటినీరు తాగి పడుకునేది.

తర్వాత ఊరిపెద్ద కూతురి పెళ్ళి వచ్చింది. దాలమ్మ వంట. తీపి తీపిగా ఉంది, కారం కారంగా ఉంది. వంక పెట్టడానికి లేదు. అందరూ తిన్నారు. ఎవరూ దెబ్బలాడుకోలేదు. ఎవరూ ఇంకో గరిటె అడగలేదు. చివరివాడు తిని లేస్తేనే బంతి లేవాలి, అది ఆ ఊరి పద్ధతి. చివరివాడు గురువులు తాత.

తాత లేవలేదు.

మగపెళ్ళివారి చేతులు ఎండిపోతున్నాయి. పెళ్ళికొడుకు ఆవలించాడు. దాలమ్మ పరుగున వచ్చింది.

"తాతా, లెగు. బంతంతా నీకోసం కూకుంది."

"నన్నడగనేదు."

"ఏటి అడగాల?"

"ఏటి తక్కువైందని."

"నా వొంటలో ఏటీ తక్కువ నేదు!" అంది దాలమ్మ.

"మరదే తక్కువ" అన్నాడు తాత.

పక్కన నీళ్ళు మోసే పిల్ల ఉంది. "నన్నూ అడగనేదు" అంది. కట్టెలు కొట్టేవాడు "నన్నూ" అన్నాడు. ఆ మాట చివరినుంచి మొదటిదాకా పాకింది. చివరికి ఊరిపెద్ద కూడా గొంతు సవరించుకున్నాడు. "నిజమేనర్రా. నాకూ ఏదో చెప్పాలనుంది. ఏటో తెలీడం నేదు" అన్నాడు.

దాలమ్మకు ఏడుపొచ్చింది. ఇంత బాగా వండితే ఇదేమి తంటా? కోపంగా గరిటె విసిరేయబోయింది. విసరలేదు. గరిటె పట్టుకునే ఎర్నమ్మ ఇంటికి నడిచింది.

"ఒదినా, రా."

"నానెందుకే? నాకు రుసి తెలీదు కదా."

"రుసి నాకు తెలుసు. అడగడం నాకు తెలీదు. నాను వొండుతాను, నువ్వు అడుగు. ఈ ముసిలోడు లెగకపోతే పెళ్ళయ్యేలా నేదు."

ఎర్నమ్మ వచ్చింది. బంతి చివర వంగి, "ఏటి తక్కువైంది, తాతా?" అంది. తాత ఆమెవైపు చూసి, "ఇప్పుడేటీ నేదమ్మా" అన్నాడు. లేచాడు. బంతి లేచింది.

అప్పటినుంచి ఇద్దరూ కలిసే విందులకు వెళ్ళేవారు. ధాన్యం రెండు గుమ్మాల్లోనూ పడేది. దాలమ్మ వండేది, ఎర్నమ్మ అడిగేది. అడిగి వచ్చి చెప్పేది. దాలమ్మ తిట్టుకుంటూనే పులుసులో పాకం పోసేది.

ఎర్నమ్మ ముసలిదై మంచాన పడింది. ఆఖరి గుక్క ఏం పొయ్యాలో ఊరికి తెలియలేదు. పాకం అన్నారు కొందరు, పులుసు అన్నారు కొందరు. దాలమ్మ ఆమె చెవి దగ్గర వంగి, "ఏటి తక్కువైంది, ఒదినా?" అని అడిగింది. ఎర్నమ్మ పెదవులు కదిలాయి. తలవైపు కూర్చున్నవాళ్ళకు "తీపి" అని వినపడింది. కాళ్ళవైపు కూర్చున్నవాళ్ళకు "కారం" అని వినపడింది. దాలమ్మకు ఏం వినపడిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి రెండూ కలిపి తెచ్చింది.

ఇప్పటికీ తాళ్ళదిబ్బ పక్క చేపల పులుసులో గరిటెడు తాటి పాకం పోస్తారు. దాన్ని ఎర్నమ్మ పులుసు అంటారు. ఇప్పటికీ అక్కడ ఏ విందులోనైనా చేతిలో గరిటె లేని ఒక ఆడమనిషి బంతి చివరినుంచి మొదలుపెట్టి ప్రతి ఆకు దగ్గరా వంగుతుంది. "ఏటి తక్కువైంది?" అని అడుగుతుంది. ఆమెను ఎర్నమ్మ అనే పిలుస్తారు, అసలు పేరు ఏదైనా సరే. ఆమె మొదటి ఆకు దాకా వచ్చేవరకు పెళ్ళికొడుకైనా లేవడు.

ఆ పులుసు తీపా, కారమా అని మీరు ఆ ఊళ్ళో అడిగి చూడండి. జవాబు చెప్పరు. మీ ఆకులో ఇంకో గరిటె వేస్తారు.