నూటికి నలభై

కాకినాడలో ఫణి అని ఓ కుర్రాడు ఉండేవాడు, బాస్కెట్‌బాల్ బాగానే ఆడేవాడు గానీ, ఆట కన్నా వాడికి తన శాతం మీదే పిచ్చి.

మ్యాచుల్లో మూడు పాయింట్ల గీత బయట్నుంచి వేసిన ప్రతి బంతినీ ఫోన్లో ఎక్కించుకునేవాడు. ఎడమ మూల నుంచి ఎన్ని పడ్డాయి, కుడి మూల నుంచి ఎన్ని పోయాయి, ఏ నిమిషంలో, స్కోరెంత ఉన్నప్పుడు వేశాడు, మూడేళ్ళ లెక్క మొత్తం వాడి దగ్గరుంది. రెండొందల యాభై వేస్తే వంద పడ్డాయి. నూటికి నలభై! "నలభైకి తగ్గితే రాష్ట్ర జట్టు సెలెక్టర్లు మొహం కూడా చూడర్రా" అని ఎవడో అన్నాడు, అంతే, అది బుర్రలో దిగబడిపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోతేనే వేసేవాడు. కాస్త కష్టమనిపిస్తే పక్కోడికి తోసేసేవాడు.

జట్టులో వాడి ప్రాణ స్నేహితుడు నూకరాజు. పదో తరగతి అయిపోతే నూకరాజు వాళ్ళమ్మతోపాటు రొయ్యల షెడ్డులో పనికి పోవాల్సిందే. తప్పించుకోడానికి ఒకటే దారి. జిల్లా ఫైనల్ గెలిచిన జట్టుకి స్పోర్ట్స్ హాస్టల్లో సీట్లిస్తారు, చదువూ తిండీ ఉచితం.

"గెలుస్తాం కదరా?" అని ఫైనల్ రోజు పొద్దున్నే అడిగాడు నూకరాజు.

"నా శాతం చూశావా? నీకెందుకురా భయం!" అన్నాడు ఫణి.

ఆట చివరికొచ్చేసింది. రెండు పాయింట్లు వెనకున్నారు. ఇంకో ఐదు సెకన్లే. నూకరాజు కిందపడి మరీ బంతి లాక్కుని ఫణికి విసిరాడు. ఫణి గీతకి చాలా వెనక, దాదాపు కోర్టు మధ్యలో ఉన్నాడు. అడ్డం ఎవరూ లేరు. పడితే మూడు పాయింట్లు, కప్పు వాళ్ళదే.

"వెయ్యరా! వెయ్యెహే!" నూకరాజు నేల మీంచే అరిచాడు.

ఇంత దూరం నుంచి ఎక్కడ పడుద్ది? పోతే ముప్పైతొమ్మిది పాయింట్ ఎనిమిది. ఫణి బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. బంతిని నేలకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బజర్ మోగింది. బజర్ తర్వాత వేసింది లెక్కలోకి రాదు కదా, అప్పుడు విసిరాడు, ఊరికే.

బంతి రింగుకి కూడా తగలకుండా వలలో పడింది.

"గెలిచాం! అమ్మా, గెలిచాం!" నూకరాజు లేచి గంతులేశాడు. మిగతావాళ్ళెవరూ కదల్లేదు. రిఫరీ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. అది చూసి నూకరాజు ఉన్నచోటే కూలబడిపోయాడు.

ఫణి మాత్రం ఫోన్ పట్టుకుని, ఫైనల్ చూడ్డానికొచ్చిన సెలెక్టర్ దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, నాది నలభై శాతం సార్."

ఆయన ఓపిగ్గా కిందిదాకా చూశాడు. "జట్టు వెనకబడ్డప్పుడు చివరి నిమిషంలో వేసింది ఒక్కటీ లేదేంటి?"

ఫణి వంగి ఫోన్లోకి తొంగి చూశాడు.

"నువ్వు ఎగ్గొట్టినవి ఇందులో ఎక్కడ రాశావు బాబూ?" అని ఫోన్ వాడి చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు.

జూన్‌లో ఫణి రొయ్యల షెడ్డు గేటు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నూకరాజు బయటికొచ్చాడు. రోజంతా ఐసులో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"సారీ రా..."

"వేసి పోగొట్టుంటే నిన్నొక్క మాట అనేవాణ్ణి కాదురా. నువ్వు వెయ్యనేలేదు" అన్నాడు నూకరాజు. లోపలికెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడితో మళ్ళీ మాట్లాడలేదు.

నీతి ఏంటంటే, తన పేరుకి మచ్చ పడుతుందేమోనని చెయ్యాల్సిన వేళ వెనక్కి తగ్గేవాడు, తననే నమ్ముకున్నవాళ్ళని ముంచేస్తాడు.