లోకల్ బండి వేగం

మీరేం చూశారో చెప్పండి. లోకల్ రైలు ప్లాట్‌ఫారం వదిలిపోవడం రోజూ చూస్తూనే ఉంటారు కదా, ఏం చూశారు? తలూపి ఊరుకోకండి, చెప్పండి. తలుపుల దగ్గర వేలాడే జనాన్ని చూశామంటారు. ఇంత పెద్ద బండి ఇంత నెమ్మదిగా పోతుందేమిటని విసుక్కున్నామంటారు. నూకరాజు చూసిందీ అంతే. కాకపోతే అతను బండి ముందు భాగంలో, డ్రైవరు గదిలో కూర్చుని చూశాడు.

నూకరాజు లోకల్ బండి నడపడం నేర్చుకుంటున్నవాడు. నేర్పేది జమాలయ్య. షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆయన గురువుగారే. ఆయన సరే అంటేనే ఎవరైనా ఒంటరిగా బండి తీయాలి. నూకరాజును ఆయన రెండుసార్లు చూసి, రెండుసార్లూ "ఇంకా కాదు" అన్నాడు. ఎందుకు కాదో చెప్పలేదు. మూడోసారి కూడా కాదంటే ఇక లోకల్ బండి మాట మరిచిపోవాలి. యార్డులో ఖాళీ పెట్టెల్ని ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ గడపాలి.

ఒంటరిగా బండి తీసిన రోజున షెడ్డు మొత్తానికి మిరపకాయ బజ్జీలు పెట్టించడం అక్కడి ఆనవాయితీ. తన తర్వాత వచ్చినవాళ్ళు కూడా బజ్జీలు పెట్టేశారు. నూకరాజు కనబడితే చాలు, "ఏం రాజూ, మూకుడు పొయ్యి మీదికి ఎక్కిందా?" అని అడిగేవాళ్ళు. అతను నవ్వేవాడు. ఇంటికి పోయాక అన్నం సహించేది కాదు.

అతని కడుపుమంటకు ఇంకో కారణం ఉంది. బండికి నూరు కిలోమీటర్ల వేగంతో పోగల సత్తా ఉంది. పోనిచ్చేదెవరు? వేగం అందుకునేలోపే మలుపు వస్తుంది, అక్కడ పసుపు బోర్డు నెమ్మదించమంటుంది. మలుపు దాటితే ముందు బండి ఇంకా కదల్లేదని సిగ్నలు ఆపుతుంది. సిగ్నలు వదిలితే స్టేషను. ఆ కొస నుంచి ఈ కొసకు లెక్కేస్తే గంటకు ముప్పై కిలోమీటర్లు దాటదు. మోపెడ్ మీద పాలవాడు పోయే వేగం. హద్దుల్లో ఉంటూనే దీన్ని పరుగెత్తించొచ్చని, గురువుగారికి వయసు మీద పడి చేతకాక నెమ్మదిగా నడుపుతున్నాడని నూకరాజు గట్టిగా నమ్మాడు.

మూడో పరీక్ష రోజు పొద్దున్నే బండి ఆలస్యంగా బయల్దేరింది. నూకరాజుకు లోలోపల సంబరమైంది. చివరి స్టేషన్‌కు చేరేలోపు ఈ ఆలస్యాన్ని తుడిచేస్తానన్నాడు. జమాలయ్య అడ్డు చెప్పలేదు. హద్దు దాటకుండా ఏమైనా చేసుకోమన్నాడు.

నూకరాజు హద్దు దాటలేదు. హద్దుకు వెంట్రుకవాసి ఇవతల దాకా వెళ్ళాడు. బయల్దేరడం ఒక్క గుంజుడు. బ్రేకు చివరి క్షణం దాకా ముట్టుకోడు, వేస్తే గట్టిగా వేస్తాడు. ఎక్కడ ఆగాలో అక్కడే, గీత గీసినట్టు ఆగేవాడు. ప్రతి స్టేషన్‌కూ కాస్త కాస్త కాలం మిగిల్చాడు. జమాలయ్య వైపు ఓరగా చూశాడు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

చివరి స్టేషన్‌లో గడియారం చూస్తే ఆలస్యం అలాగే ఉంది. ఇంకాస్త పెరిగింది కూడా.

నూకరాజు మొహం మాడిపోయింది. బయల్దేరమనే గంటను గార్డు ఆలస్యంగా కొట్టాడన్నాడు. తర్వాత జనం మీద పడ్డాడు. "ఈ జనానికి దిగడం రాదు గురువుగారూ. బండి ఆగి నిలబడ్డా తీరిగ్గా లేస్తారు. నేను పట్టాల మీద సంపాదించింది వీళ్ళు ప్లాట్‌ఫారం మీద పారబోస్తున్నారు."

బండి తిరిగి వెళ్ళేటప్పుడు తాను నడుపుతానన్నాడు జమాలయ్య. నూకరాజును మధ్య పెట్టెలోకి వెళ్ళమన్నాడు. "కూర్చోకు. నిలబడు," అన్నాడు.

మూడో అవకాశమూ అయిపోయిందనుకున్నాడు నూకరాజు. డ్రైవరు గదిలోంచి దించేశాడంటే ఇక యార్డే. కాళ్ళీడ్చుకుంటూ పోయి జనంలో నిలబడ్డాడు.

బండి ఒక్క గుంజుడుతో బయల్దేరింది. నూకరాజు పక్కవాడి మీద పడి, లేచి, పై రాడ్డు పట్టుకున్నాడు. ఇది గురువుగారి చెయ్యి కాదు. ఎవరి చెయ్యో అతనికి తెలిసింది. పొద్దున తాను నడిపినట్టే గురువుగారు నడుపుతున్నాడు.

ఎదురుగా పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. స్టేషను దగ్గరపడుతున్నా కదల్లేదు. దిగాల్సింది ఇక్కడే కదా, లేవరా అని నూకరాజు అడిగాడు.

"ఆగినంక లేస్త బిడ్డా. ముందుగాల లేస్తే మూతిపండ్లు రాల్తయ్," అందామె.

బ్రేకు పడింది. నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ముందుకు ఊగారు. వెనక నుంచి ఎవరో, "గీడు డ్రైవరా? మనల్ని ఆలుగడ్డ బస్తాలనుకున్నడా?" అన్నారు. పెట్టె అంతా నవ్వింది. నూకరాజు నవ్వలేదు. బండి పూర్తిగా ఆగాక ఒక్కొక్క చెయ్యీ రాడ్డు వదిలింది. అప్పుడు లేచారు. అప్పుడు సంచులు వెతుక్కున్నారు. అప్పుడు తలుపు వైపు నడిచారు. ఆమె బుట్ట నెత్తికెత్తుకుని దిగేదాకా ఎక్కేవాళ్ళు కింద నిలబడే ఉన్నారు.

తర్వాతి స్టేషన్‌కూ అంతే.

ఆ తర్వాత బండి నడక మారింది. ఎప్పుడు కదిలిందో తెలియలేదు. వేగం తక్కువేనని నూకరాజుకు తెలుసు, కిటికీలో స్తంభాలు చెబుతూనే ఉన్నాయి. స్టేషను ఇంకా కనబడకముందే బ్రేకు మెత్తగా అందుకుంది. మొదట జనానికి నమ్మకం కుదరలేదు, రాడ్లు పట్టుకునే ఉన్నారు. ఒకటి రెండు స్టేషన్లు గడిచాయి. ఒక ముసలాయన లేచి కర్ర తీసుకుని తలుపు వైపు నడిచాడు. ఒక తల్లి బిడ్డను చంకకెత్తుకుని, రెండో చేత్తో సంచి సర్దుకుంటూ ఆయన వెనక వెళ్ళింది. ఏ చెయ్యీ రాడ్డు మీద లేదు. బండి ఆగేసరికి దిగేవాళ్ళంతా తలుపు దగ్గరే ఉన్నారు. దిగారు. ఎక్కేవాళ్ళు ఎక్కారు. గార్డు గంట కొట్టాడు.

చివరి స్టేషన్‌కు బండి ఆలస్యం లేకుండా చేరింది. నూకరాజు గడియారం వైపు తల తిప్పలేదు. ముందుకు వచ్చి డ్రైవరు గది పక్కన నిలబడ్డాడు.

"ఎంత వేగంలో నడిపానంటావు?" అడిగాడు జమాలయ్య.

"చూసుకోలేదు గురువుగారూ. జనాన్నే చూస్తూ ఉండిపోయాను."

జమాలయ్య లేచి సీటు ఖాళీ చేశాడు.

మూడో ప్రయాణం నూకరాజు నడిపాడు. సగం దారి గురువుగారు పక్కనే నిలబడ్డాడు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. మలుపూ, పసుపు బోర్డూ, సిగ్నలూ వాటి చోట అవి ఉన్నాయి. నూకరాజు వాటి మీద విసుక్కోవడం మరిచిపోయాడు. నడిమి స్టేషన్‌లో బండి ఆగినప్పుడు జమాలయ్య కంట్రోలు రూముకు ఫోను చేశాడు. "నూకరాజు ఇక్కడి నుంచి ఒంటరిగా నడుపుతాడు," అని చెప్పి, దిగి వెళ్ళిపోయాడు.

గార్డు గంట కొట్టేలోపు నూకరాజు ఒకసారి వెనక్కి తిరిగాడు. వెనక తలుపుకున్న చిన్న అద్దంలోంచి మొదటి పెట్టె కనిపిస్తోంది. జమాలయ్య కూర్చోలేదు. జనం మధ్య నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పక్కనున్న ఒక కూరగాయలావిడతో ఏదో మాట్లాడుతున్నాడు.

నూకరాజు ముందుకు తిరిగి హ్యాండిలు మీద చెయ్యి వేశాడు.

మరి మీ సంగతేమిటి? ఇంటినో, కొట్టునో, పదిమందినో మీరూ నడిపిస్తూనే ఉన్నారు కదా. ఈ క్షణాన మీ వెనక నిలబడ్డవాళ్ళ చేతులు ఎక్కడున్నాయి?