సుద్దకొండ ఊరి మూడు హద్దురాళ్ళు

అనగనగనగా, ఏడు సముద్రాల అవతల, ఇంగ్లండు దేశంలో ఓ బుల్లి ఊరు. పేరు పెబుల్‌కూంబ్. నోరు తిరగలేదా చిన్నీ? నాకూ తిరగదు.

ఊళ్ళో నలభై గడపలు, ఓ రాతి చర్చి, చర్చికో గంట. ఊరి వెనకాల కొండ ఉందే, అది మట్టికొండ కాదు, రాతికొండా కాదు. సుద్దకొండ! నువ్వు పలక మీద రాస్తావే, ఆ సుద్దే. గడ్డి కాస్త గీరితే చాలు, కింద పాలలా తెల్లగా కనిపిస్తుంది. కొండ కింద వాగు. కొండకీ వాగుకీ నడుమ పెద్ద పచ్చికబయలు. ఆ బయలు ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. ఎవరి గొర్రెలైనా మేయొచ్చు, ఎవరి బాతులైనా తిరగొచ్చు.

ఆ ఊళ్ళో హెట్టీ అని ఓ పదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్నకి పదకొండు గొర్రెలు. ఆ ఇంటికి తిండీ అవే, చలికాలం కంబళ్ళూ అవే.

ఒకరోజు పక్క ఊరి హార్‌గ్రేవ్ దొర వచ్చాడు. గుర్రం దిగకుండానే, "ఈ బయలు నాది. కంచె వేయిస్తున్నా" అన్నాడు. ఊరు ఊరంతా గొల్లుమంది. చర్చిలో ఊరి హద్దులు గీసిన పాత పటం ఉండాలని పరుగెత్తుకెళ్ళి పెట్టె తెరిస్తే ఏముందీ? ఎలుకలు కొట్టేసిన పొట్టు.

అప్పుడు సర్కారువారి సర్వేయరు వచ్చాడు. "మీ ఊరి హద్దుకి మూడు రాళ్ళున్నాయని మా పుస్తకంలో ఉంది. ఎక్కడున్నాయో రాయలేదు. రేపు పొద్దుగూకేలోగా చూపించారా, బయలు మీది. లేదా, దొరగారిది" అన్నాడు.

పూర్వం ఏటేటా ఊరంతా కలిసి హద్దు చుట్టూ నడిచేవారట. ఆ నడక ఆగిపోయి అరవై ఏళ్ళు. నడిచినవాళ్ళలో మిగిలింది ఒక్క డోర్కస్ అవ్వ. ఆవిడకేమో చూపు ఆనదు, కాలు సాగదు. "ఆవిడకేం గుర్తుంటుందిలే" అని పెద్దలు పెదవి విరిచారు.

హెట్టీ ఊరుకుంటుందా? తెల్లారేసరికల్లా అవ్వ గుమ్మంలో ఉంది. "అవ్వా, హద్దురాళ్ళు గుర్తున్నాయా?"

అవ్వ పకపకా నవ్వింది. "గుర్తు లేకేమే! ప్రతి రాయి దగ్గరా పిల్లల్ని ఎత్తి కుదేసేవాళ్ళు, చచ్చేదాకా మరిచిపోకూడదని. నా నడుముకి ఇంకా గుర్తే! తీసుకెళ్ళు నన్ను."

హెట్టీ తోటపని ఒంటిచక్రం బండిలో బొంత పరిచింది. అవ్వని కూర్చోబెట్టింది. తోసుకుంటూ బయలుదేరింది. వెనక సర్వేయరు, ఆ వెనక గుర్రం మీద నవ్వుకుంటూ దొర.

బయలు చివరికి రాగానే అవ్వ ముక్కు ఎగబీల్చింది. "పుదీనా వాసన వస్తోంది. మొదటి రాయి ఈ పుదీనా పక్కనే. ఆపు! కుడిచేతి వైపు ముళ్ళపొద ఉందా? దాని కడుపులో చూడు." హెట్టీ పాక్కుంటూ దూరింది. చేతులు గీరుకుపోయాయి, గౌను చిరిగింది. "ఉంది అవ్వా! రాయి ఉంది!" ఆ కేక ఊరంతా వినబడింది. ఇళ్ళల్లోంచి జనం బిలబిలా పరుగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత కొండ. బండి ఎక్కదుగా? హెట్టీ నాన్న అవ్వని వీపున వేసుకున్నాడు. "రెండో రాయి, చర్చి గంట వినిపించే ఆఖరి చోట ఉంటుంది" అంది అవ్వ. కింద ఒకాయన గంట కొడుతూనే ఉన్నాడు. హెట్టీ చెవులు రిక్కించి ఎక్కుతోంది. ఠంగ్... ఠంగ్... ఇంకో అడుగు. వినబడలేదు! వెనక్కి ఒక అడుగు వేసి గడ్డి తవ్వింది. తెల్లటి సుద్ద, ఆ సుద్దలో నల్లటి రాయి! దొర మొహంలో నవ్వు మాయమైంది.

అప్పటికే పొద్దు వాలుతోంది. "మూడోది వాగు ఒడ్డున" అంది అవ్వ. అందరూ వాగు దగ్గరికి ఉరుకులు పరుగులు. తీరా చూస్తే, అవ్వ చెప్పిన ఒడ్డే లేదు. అరవై ఏళ్ళలో వాగు దారి మార్చుకుంది!

"ఇంక కొండ మీద బెత్తెడే ఉంది పొద్దు" అన్నాడు సర్వేయరు గడియారం చూసుకుంటూ. ఊరివాళ్ళు ఇక లాభం లేదనుకున్నారు.

అవ్వ మాత్రం గట్టిగా అంది, "వాగు కదులుతుందే పిల్లా, ఊట కదలదు. రాయి ఊటలో ఉంది. అప్పట్లో నన్ను అక్కడ ముంచితే పళ్ళు టకటకలాడాయి. చల్లటి నీళ్ళు వెతుకు!"

హెట్టీ జోళ్ళు విప్పేసి వాగులోకి దిగింది. ఒక అడుగు, ఎండకి కాగిన నీళ్ళు. రెండో అడుగు, అవే నీళ్ళు. మూడో అడుగు, అమ్మో! వేళ్ళు కొరికేసేంత చలి! బుడుంగున మునిగింది. తేలదే! వాళ్ళ నాన్న అవ్వని ఒడ్డున దింపి వాగులోకి దూకబోయాడు. అంతలో హెట్టీ తేలింది. "నా చెయ్యి దాని మీదే ఉంది!"

సర్వేయరు ప్యాంటు మడిచి తనే దిగాడు. నీళ్ళల్లో చెయ్యి పెట్టి తడిమాడు. "ఉంది! మూడోదీ ఉంది! బయలు ఊరిది!" అని అరిచాడు. అప్పుడు కొండ వెనక పొద్దు గుంకింది.

దొర గుర్రం తిప్పుకుని పోయాడు. జనం హెట్టీని భుజాలకెత్తుకుని గంతులే గంతులు.

హెట్టీ కిందికి దూకి అవ్వ దగ్గరికెళ్ళింది. "అవ్వా, నీకేం కావాలి?"

"నా బూట్లు విప్పవే" అంది అవ్వ. హెట్టీ విప్పింది, రెండు చేతులూ పట్టుకుని పచ్చికలో నిలబెట్టింది. అవ్వ చాలాసేపు అలాగే నిలబడింది, చిన్నపిల్లలా కాలివేళ్ళు ఆడించుకుంటూ.

కథేమో కంచికి,
గొర్రెలేమో మందకి,
వాగేమో పల్లానికి,
మా చిన్నీ కళ్ళేమో నిద్దరకి!